బడిలో మిగిలిందెవరో కూడా లెక్కించాలి

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే బడుల గేట్లకు ‘వంద శాతం’ ఫ్లెక్సీలు వేలాడతాయి. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే సర్కారు బడులైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలనూ ఇదే తక్కెడలో వేసి తూస్తున్నారు. ఇది అన్యాయమని మేం గట్టిగా నమ్ముతున్నాం.

2004లో ఈ బడులు మొదలైందే చదువు మానేసిన, బడి మొహమే చూడని ఆడపిల్లల కోసం. నాలుగింట మూడొంతుల సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలవి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికన్నా అడుగు. ఇలాంటి చోట ఒక పిల్లను బడిలో నిలబెట్టడమంటే మాటలా?

అదే జిల్లాలోని గద్వాల వైపు, విత్తనం కోసం పండించే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ (పూలను చేత్తో సంకరం చేసే) రోజులు చూసినవాళ్లకు తెలుసు. సాయంత్రం మొగ్గలు విప్పి కేసరాలు తీసేయాలి, పొద్దున్నే ఒక్కో పువ్వుకూ పుప్పొడి రుద్దాలి. సన్నని వేళ్లయితే పని బాగా సాగుతుందని ఆడపిల్లల్ని పిలుస్తారు. అది గడిస్తే దసరా. అమ్మానాన్నలు ఇటుక బట్టీలకు మూటాముల్లె సర్దుకుంటే, చంటిపిల్లను ఎత్తుకోవడానికి పెద్దపిల్లా పోవాల్సిందే. సెలవులయ్యాక ట్రంకు పెట్టెతో తిరిగి రాని పిల్ల కోసం ఒక టీచరమ్మ తండాకు పోయి, తల్లిని బతిమాలి వెంట తెచ్చుకుందనుకోండి. ఆ పనికి మన ఫలితాల పట్టికలో గడే లేదు.

శాతం ఒక్కటే చూస్తే ఇంకో ప్రమాదమూ ఉంది. వెనకబడిన పిల్లకు టీసీ ఇచ్చి పంపేస్తే ఫలితం పెరుగుతుంది. బడి ఎవరి కోసం పెట్టామో ఆ పిల్లే వీధిన పడుతుంది.

పది పాసవడం ముఖ్యమే, కాదనం. కానీ ఆరులో చేరినప్పుడు కూడబలుక్కుంటూ చదివిన పిల్ల ఎనిమిదికొచ్చేసరికి వాచకం గడగడా చదివితే అదీ ఫలితమే. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ బడికి దూరమైన పిల్లలకు వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ ఇవ్వమంది. ఆ శిక్షణతో ఏం వచ్చిందో పిల్లవారీగా రాసిపెట్టాలి. ఆరులో చేరినవాళ్లలో పదికి ఎందరు మిగిలారో ఫలితాలతో పాటే ప్రకటించాలి.

ఈ దసరా నుంచే మొదలుపెట్టండి. సెలవులు ముగిసిన పదిహేనో రోజున ఏ కస్తూర్బాలో ఎవరు రాలేదో, వాళ్లు ఏ బట్టీ దగ్గర ఉన్నారో పేర్లతో సహా కలెక్టర్ బల్ల మీదికి చేరాలి.