పడవకి అటు బావ, ఇటు నేను

ఎండాకాలంలో సముద్రం మీద గాలం వేట అంటే తెల్లారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే చాలా చేపలు లోతుకి దిగిపోతాయి, ఈ సంగతి నాకూ తెలుసు మా బావకీ తెలుసు, కానీ బావకి సన్‌స్క్రీన్ పూసుకోవడానికే ముప్పావుగంట పట్టింది. పైగా అవే చేతులతో ఎర గుచ్చాడు. చేపలు వాసన ఇట్టే పట్టేస్తాయండీ అని సరంగు గొణిగితే "మంచిదేగా, వాటికీ ఎండ తగలదు" అన్నాడు. అక్క ఈయనతో ఎలా వేగుతోందో ఏంటో.

లంగరు వెయ్యకుండా ఇంజన్ ఆపేసి పడవని నీటి వాలుకి వదిలేశాం. బావ కుడివైపు, నేను ఎడమవైపు. కాసేపటికే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. చెవి లోపలి భాగమేమో ఊగిపోతున్నాం బాబోయ్ అంటుందంట, పడవలోకే చూస్తున్న కళ్ళేమో ఏదీ కదలట్లేదు అంటాయంట, ఆ రెండిటి తగాదాలో మధ్యన కడుపు బలి. ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు పెడితే తగ్గుతుందని అన్నారు కదా అని నేను అటే చూస్తూ కూర్చున్నా, అందుకే నా లైన్ పడవ కిందకి ఎప్పుడు దూరిందో చూసుకోలేదు.

ఉన్నట్టుండి రాడ్ వంగింది. "పడింది!" అని అరిచా. అదే క్షణంలో వెనకనుంచి బావ కూడా "పడిందిరోయ్!" అన్నాడు.

ఇక చూడండి. మా లైన్లు 30 పౌండ్ల లాగుడు దాకా ఆగేవి, రీల్ బిగింపు, అదే డ్రాగ్, అందులో మూడో వంతు, అంటే 10 పౌండ్ల దగ్గర పెట్టుకున్నాం, అంతకు మించి గుంజితే లైన్ తెగకుండా రీలే వదిలేస్తుంది. నేను నాలుగు చుట్లు చుడితే బావ రీల్ గిర్రుమనేది, బావ చుడితే నాది. "అబ్బా ఏం బలంరా దీనికి" అని ఆయన, "నాది ఇంకా పెద్దది బావా" అని నేను. అల్లిక దారం కదా, దాదాపు సాగదు, అవతల చిన్న కదలిక ఉన్నా చేతికి తెలిసిపోద్ది, అది తల విదిలిస్తోంది అని నేననుకున్నది బావ చెమట తుడుచుకోవడం అని తర్వాత అర్థమైంది. బావ డ్రాగ్ ఇంకాస్త బిగించాడు, నేను ఊరుకుంటానా, నేనూ బిగించా. పది నిమిషాలకి చేతులు పడిపోయాయి. చేప అలిసిపోయిందని ఇద్దరం ఒకేసారి సంబరపడ్డాం.

అప్పటిదాకా మాట్లాడని సరంగు "ఎవరో ఒకరు చుట్టడం ఆపండి సార్" అన్నాడు.

"ఆపితే పారిపోద్ది!"

"ఎక్కడికీ పోదు సార్, మీ వెనకే కూర్చుంది."

వంగి చూస్తే రెండు లైన్లూ పడవ కింద జడలా అల్లుకుపోయి ఉన్నాయి. అయితే ఆ చిక్కుముడి పైకి లాగితే మధ్యలో నిజంగానే ఒక చేప, అరచేతిలో పట్టేంత పఫర్ ఫిష్, మమ్మల్ని చూడగానే గాలి మింగి బంతిలా ఉబ్బి, నాలుగు పళ్ళ ముక్కుతో హుక్‌ని కటకట కొరుకుతోంది. రెండు హుక్కులూ ఒకటే సైజు, అది ఎవరి హుక్ అన్నది తేలదు.

"నా హుక్కేరా, నాకు తెలీదా" అన్నాడు బావ, అప్పటికే ఫొటోకి జుట్టు సర్దుకుంటూ.

"ఈ జాతిలో చాలావాటికి ఒంట్లో విషం ఉంటది సార్, తింటే విరుగుడు కూడా లేదు, తీసి నీళ్ళలో వదిలెయ్యాలి, కానీ ఆ పళ్ళకి వేలు దొరికితే కండ ఊడొస్తది" అన్నాడు సరంగు. "ఎవరిదైతే వాళ్ళే హుక్ తియ్యండి."

బావ ఒక అడుగు వెనక్కి వేసి, ఫోన్ జేబులో పెట్టుకుని, "సరిగ్గా చూస్తే నీదేలేరా బామ్మర్దీ" అన్నాడు.