బేస్ ఆంప్ ఎంపికలో వాట్లే ప్రమాణమా?

బేస్ గిటార్‌కు ఆంప్ (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) కొనబోయేవారికి తరచుగా అందే సలహా ఒకటుంది: వాట్లు రెట్టింపైతే శబ్దమూ రెట్టింపవుతుంది, 15 అంగుళాల స్పీకర్ లేనిదే లోతైన నాదం రాదు, ఒంటిచేత్తో ఎత్తగలిగే ఆంప్‌లో దమ్ముండదు. ఈ మూడు మాటలనూ నమ్మి, ఇంట్లో సాధనకు గానీ చిన్న చర్చిలో ఆరాధనకు గానీ అక్కరలేని బరువైన పెట్టెలను అప్పు చేసి కొన్నవారిని ఎరుగుదును కనుకనే ఇది రాస్తున్నాను.

మొదటిది వాట్ల మాట. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి శబ్దం రెండింతలైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పదిరెట్ల శక్తి కావాలి. ఒక వాటుకు మీటరు దూరంలో 94 డెసిబెల్‌లు ఇచ్చే క్యాబినెట్‌కు (స్పీకర్ పెట్టెకు) బదులు 97 ఇచ్చేదాన్ని ఎంచుకుంటే, ఆంప్ మార్చకుండానే వాట్లు రెట్టింపైనంత ఫలితం దక్కుతుంది. పైగా, ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద పీఎంపీవో పేరిట వేల వాట్లు ముద్రించి అమ్మినట్టే, ఆంప్‌ల మీద క్షణకాలపు గరిష్ఠ శక్తిని చూపేవారూ ఉన్నారు. చూడవలసింది నిలకడగా ఇచ్చే ఆర్‌ఎంఎస్ శక్తిని, అదీ ఎన్ని ఓముల (స్పీకర్ విద్యుత్తుకు చూపే నిరోధం) దగ్గరో చూడాలి. 4 ఓముల వద్ద 500 వాట్లిచ్చే ఆంప్, ఒకే ఒక 8 ఓముల క్యాబినెట్‌కు సాధారణంగా 250 నుంచి 300 వాట్లే అందిస్తుంది. కనిష్ఠం 4 ఓములని రాసి ఉన్న ఆంప్‌కు రెండు 4 ఓముల క్యాబినెట్‌లను సమాంతరంగా కలిపితే, అది 2 ఓములై ఆంప్ పాడయ్యే ప్రమాదముంది. ఈ హెచ్చరిక లేకుండా వాట్లు పెంచుకొమ్మనడం బాధ్యత గల సలహా కాదు.

స్పీకర్ కొలత గురించిన మాట మరింత బలంగా పాతుకుపోయింది. నాలుగు తీగల బేస్‌లో అతి మంద్ర స్వరం సుమారు 41 హెర్ట్జ్, ఐదు తీగలదైతే 31. వాటిని ఎంత బాగా పలికిస్తుందన్నది పెట్టె ఘనపరిమాణం, దాని నిర్మాణం, కోన్ (స్పీకర్‌లో కంపించే భాగం) మొత్తం వైశాల్యం, అది ముందుకూ వెనక్కూ కదలగల దూరం, ఇవన్నీ కలిసి తేల్చే విషయం. నాలుగు 10 అంగుళాల స్పీకర్ల వైశాల్యం సుమారు 314 చదరపు అంగుళాలు; ఒక 15 అంగుళాలది 177 మాత్రమే. 1969లో వచ్చిన 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్‌కు జోడీగా నిలిచిన ప్రసిద్ధ క్యాబినెట్‌లో ఉన్నవి ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లే, రాక్ వేదికల మీద దశాబ్దాలుగా వినిపించిన మంద్రనాదం వాటిదే. అంతేకాదు, మంద్ర స్వరంలో మనం ప్రధానంగా వినేది దాని రెట్టింపు పౌనఃపున్యం, అంటే 82 హెర్ట్జ్ ప్రాంతాన్ని; మూలస్వరం బలహీనంగా ఉన్నా చెవి దాన్ని పూరించుకుంటుంది. 15 అంగుళాల స్పీకర్ చెడ్డదని నేననను. లోతు దానికొక్కదానికే సొంతమన్న మాట మాత్రం నిలవదు.

బరువు సంగతికి వస్తే, పాత వాల్వు (శూన్యనాళిక) ఆంప్‌లలో బరువులో చాలా భాగం ట్రాన్స్‌ఫార్మర్లదే. ఎస్‌వీటీ హెడ్ (స్పీకర్ లేని ఆంప్ భాగం) 35 కిలోలు దాటుతుంది, అంతకు మించిన వాట్లిచ్చే స్విచింగ్ పద్ధతిలో పనిచేసే నేటి క్లాస్-డి హెడ్‌లు మూడు కిలోల లోపే దొరుకుతున్నాయి. ఈ నమ్మకానికి ఒక ఆధారం లేకపోలేదు: వాల్వు ఆంప్‌ను గట్టిగా నడిపితే నాదం మెత్తగా అణిగి, నిండుగా, పెద్దగా తోస్తుంది. అది వాల్వుల స్వభావం, బరువు మహిమ కాదు.

ఆ సలహా అసలు అడగనిది, ఎక్కడ వాయిస్తారన్న ప్రశ్న. పెద్ద వేదికల మీద బేస్ ధ్వని డీఐ (వాద్యపు సంకేతాన్ని నేరుగా పంపే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కు చేరి సభకంతా వినిపిస్తుంది, ఆంప్ వినిపించవలసింది వాయించేవారికీ పక్కనున్నవారికీ మాత్రమే. అమెరికా రికార్డు సంస్థ మోటౌన్ స్టూడియోలో ప్రసిద్ధ బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ బేస్‌ను చాలావరకు ఆంప్ లేకుండా నేరుగానే రికార్డు చేసేవారు. పీఏ (సభకు వినిపించే స్పీకర్ల వ్యవస్థ) లేని చిన్న హాలులో డ్రమ్స్ పక్కన వాయించేవారికైతే, 4 ఓములకు తట్టుకునే 300 నుంచి 500 వాట్ల హెడ్‌నూ, రెండు 10 అంగుళాల స్పీకర్లున్న 8 ఓముల క్యాబినెట్‌నూ సూచిస్తాను. అవసరం పెరిగితే అలాంటి క్యాబినెట్‌నే మరొకటి సమాంతరంగా జోడించుకోవచ్చు, రెండూ కలిసి 4 ఓములే అవుతాయి.