మాత్రకు తగ్గిన తలనొప్పి మామూలుదేనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "మాత్రకు తగ్గితే అది మామూలు తలనొప్పే. బీపీ నార్మల్‌గా ఉంటే మెదడుకు ఢోకా లేదు. అంత భయమైతే సీటీ స్కాన్ తీయించుకోండి, అందులో ఏమీ లేకపోతే నిశ్చింత." తలనొప్పుల్లో చాలావరకు ప్రమాదం లేనివేనన్నది నిజం. కానీ ఈ మూడు మాటలూ నమ్మి ఇంట్లో కూర్చోవద్దు.

మాత్ర సంగతి ముందు. మెదడు చుట్టూ రక్తం చిమ్మినప్పుడు వచ్చే నొప్పి కూడా మాత్రకు కాసేపు తగ్గవచ్చు. ఎలా తగ్గిందని కాదు, ఎలా మొదలైందని చూడాలి. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, మెల్లగా ముదురుతుంది. వికారం ఉంటుంది, వెలుతురు పడదు, మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. టెన్షన్ తలనొప్పి తలకు గుడ్డ బిగించి కట్టినట్టుంటుంది. రెండూ ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకే తీరున వచ్చిపోతుంటాయి. మెదడులో బుడగలా ఉబ్బిన రక్తనాళం పగిలితే అలా కాదు. పిడుగు పడ్డట్టు వస్తుంది, తరచుగా ఒక్క నిమిషంలోపే భరించలేనంత అవుతుంది. మెడ పట్టేయవచ్చు, వాంతులు కావచ్చు, స్పృహ తప్పవచ్చు. నా భయమంతా మైగ్రేన్ ఉన్నవాళ్ల గురించే. "నాకెప్పుడూ వచ్చేదే కదా" అనుకుని పడుకుంటారు. తీరు మారితే అది ఎప్పుడూ వచ్చేది కాదు.

బీపీ నార్మల్‌గా ఉన్నవాళ్లకూ రక్తనాళాల జబ్బులు వస్తాయి. సెలూన్‌లో మెడ విరిపించుకున్నాక మెడలో, తలలో కొత్తగా నొప్పి వచ్చి ఒక కనురెప్ప వాలిందంటే, మెడలోని ధమని లోపొర చిరిగి ఉండవచ్చు. 50 దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి వచ్చి, కణతలు ముట్టుకుంటే నొప్పిగా ఉండి, నమిలితే దవడ లాగేస్తుంటే అది కణత ధమని వాపు కావచ్చు. స్టెరాయిడ్ ఆలస్యమైతే చూపు పోవచ్చు.

ఇక సీటీ. బాలింతల విషయంలో ఈ మాట మరీ ప్రమాదం. కాన్పయ్యాక కొన్ని వారాలపాటు రక్తం త్వరగా గడ్డకట్టే గుణం ఉంటుంది. దానికి తోడు, చలువ చేస్తుందని కొన్ని ఇళ్లలో మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. ఒంట్లో నీరు తగ్గితే గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది, దయచేసి అలా చేయకండి. మెదడు సిరల్లో గడ్డ కట్టినా మామూలు సీటీ నార్మల్‌గా రావచ్చు, సిరలను చూపించే స్కాన్ చేయాలి. బాలింతకు తలనొప్పి వస్తే "నడుముకిచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లేలే" అని సర్దుకుంటారు. ఇంజెక్షన్ వల్ల వచ్చే నొప్పి అయితే కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గకపోయినా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పిడుగులా వచ్చిన నొప్పికి 6 గంటల్లోపు తీసిన సీటీ రక్తస్రావాన్ని దాదాపు తప్పకుండా పట్టేస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ నమ్మకం తగ్గుతుంది, వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి రావచ్చు. అందుకే 108లో తీసుకెళ్లేటప్పుడు నొప్పి సరిగ్గా ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.