టెన్నెస్సీ ప్రామిస్: ఫార్వర్డ్ మెసేజ్ చెప్పేదొకటి, కాలేజీ బిల్లు చెప్పేదొకటి

"టెన్నెస్సీలో హైస్కూలు పాసైన పిల్లలందరికీ రెండేళ్ల కాలేజీ పూర్తిగా ఫ్రీ. అప్లై చేస్తే చాలు. కాకపోతే ఆదాయం తక్కువున్న ఇళ్లకే ఇస్తారు. రెండేళ్లయ్యాక యూనివర్సిటీలో నేరుగా మూడో సంవత్సరం." తెలుగువాళ్ల గ్రూపుల్లో చేతులు మారుతున్న మాట ఇది. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రం ఇచ్చే 'టెన్నెస్సీ ప్రామిస్' అనే స్కాలర్‌షిప్ గురించి. పూర్తిగా అబద్ధమైతే ఇంత రాయక్కర్లేదు. చాలా ముక్కల్లో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. నమ్మి గడువులు దాటబెట్టుకుంటున్నారు, లేదా మనకు రాదులే అని అసలు ఫారమే నింపడం లేదు. రెండువైపులా నష్టం పిల్లలకే.

ముందు ఈ స్కాలర్‌షిప్ ఎక్కడ పుట్టిందో రెండు మాటల్లో. 2008లో నాక్స్‌విల్ నగరం ఉన్న నాక్స్ కౌంటీలో 'నాక్స్ అచీవ్స్' పేరుతో ఒక స్థానిక స్కాలర్‌షిప్ మొదలైంది. హైస్కూలు పూర్తిచేసిన స్థానిక విద్యార్థులకు కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) ఫీజులో మిగతా సాయాలు పోగా ఇంకా కట్టాల్సిన మొత్తాన్ని కట్టడం, ఒక్కొక్కరికీ ఒక వాలంటీర్ మెంటర్‌ని అప్పగించడం దాని పద్ధతి. అప్పటి నాక్స్‌విల్ మేయర్ బిల్ హాస్లమ్ తర్వాత గవర్నరయ్యారు. అదే నమూనాను రాష్ట్రమంతటికీ విస్తరిస్తూ 2014లో చట్టం చేశారు. 2015లో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు మొదటి బ్యాచ్. డబ్బు రాష్ట్ర లాటరీ మిగులు నిధి నుంచి వస్తుంది. నాక్స్ అచీవ్స్ సంస్థే పెరిగి 'టీఎన్ అచీవ్స్' అయింది. చాలా కౌంటీల్లో మెంటర్లను, మీటింగులను, సేవా గంటల లెక్కను ఇప్పుడు చూసేది అదే.

"పూర్తిగా ఫ్రీ"

ప్రామిస్ కట్టేది రెండే: ట్యూషన్, తప్పనిసరి ఫీజులు. పుస్తకాలు, ల్యాప్‌టాప్, కారు పెట్రోలు, నర్సింగ్ యూనిఫామ్, వెల్డింగ్ బూట్లు, టూల్‌కిట్లు ఇందులోకి రావు. పాఠ్యపుస్తకం ఒక్కోటీ వంద డాలర్లు దాటడం అక్కడ మామూలే. కమ్యూనిటీ కాలేజీల్లో చాలావాటికి హాస్టల్ ఉండదు, బస్సులు తక్కువ. పిల్ల రోజూ ఇంటి నుంచే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాలి. ఇంటి బడ్జెట్‌ను కదిపేది ఈ ఖర్చే, ట్యూషన్ కాదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇది 'చివరి డాలర్' స్కాలర్‌షిప్. మిగతా గ్రాంట్లన్నీ ముందు లెక్కలోకి వస్తాయి: తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్, మార్కులను బట్టి రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రాష్ట్రం ఇచ్చే టీఎస్‌ఏఏ గ్రాంటు. అవన్నీ తీసేశాక బిల్లులో ఇంకా ఏమైనా మిగిలితే, ఆ మిగిలినంతే ప్రామిస్ కడుతుంది. మిగలకపోతే ప్రామిస్ వాటా సున్నా.

లెక్క వేసి చూద్దాం. సెమిస్టర్ ట్యూషన్, ఫీజులు కలిపి 2,350 డాలర్లు అనుకుందాం. అసలు అంకె కాలేజీని బట్టి, ఏడాదిని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది.

పెల్, హోప్ రెండూ రాని విద్యార్థికి ప్రామిస్ 2,350 మొత్తం కడుతుంది. హైస్కూల్లో 3.0 జీపీఏ (మార్కుల సగటు) గానీ కాలేజీ ప్రవేశ పరీక్ష ఏసీటీలో 21 గానీ ఉండి హోప్ వచ్చినవాళ్లకు రెండేళ్ల కాలేజీలో సెమిస్టర్‌కి 1,600 దాకా వస్తుంది. అప్పుడు ప్రామిస్ కట్టేది 750 మాత్రమే. హోప్, ప్రామిస్ రెండూ నిండుగా వస్తే పుస్తకాలకు మిగులుతుందని లెక్కేసుకునే తల్లిదండ్రులు ఇక్కడే తప్పులో కాలేస్తారు. రెండూ కలిసినా 2,350 దాటదు. పూర్తి పెల్ వచ్చే విద్యార్థి సంగతి ఇంకోలా ఉంటుంది. 2024–25లోనూ 2025–26లోనూ పెల్ గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు, అంటే సెమిస్టర్‌కి దాదాపు 3,700. అదే ట్యూషన్ మొత్తాన్ని కట్టేస్తుంది, పైన దాదాపు 1,350 విద్యార్థి చేతికి వస్తుంది. ఆ విద్యార్థికి ప్రామిస్ నుంచి ఒక్క డాలరు కూడా రాదు.

ఈ మిగులు డబ్బు చేతికందేది సెమిస్టర్ మొదలైన కొన్ని వారాలకు. పుస్తకాలు మాత్రం మొదటి వారంలోనే కావాలి. చాలా కాలేజీలు రాబోయే గ్రాంటు మీద క్యాంపస్ బుక్‌స్టోర్లో అప్పుగా కొనుక్కోనిస్తాయి, కానీ దానికి కొన్ని రోజులే గడువు పెడతాయి. ఆ తేదీలేవో ఆగస్టు మొదట్లోనే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

అన్ని ప్రామిస్‌లూ ఇలాగే ఉంటాయనుకోవడం కూడా పొరపాటు. మిషిగన్ రాష్ట్రం కలమజూలో 2005 నవంబరులో పేరు చెప్పుకోని దాతలు ప్రకటించిన కలమజూ ప్రామిస్ 'మొదటి డాలర్' పద్ధతిలో నడుస్తుంది. అది ముందు ట్యూషన్ కట్టేస్తుంది, పెల్ వస్తే ఆ డబ్బు పుస్తకాలకూ తిండికీ మిగులుతుంది. అక్కడ విద్యార్థి ఆ ఊరి ప్రభుత్వ బడుల్లో ఎన్నేళ్లు చదివాడన్నదాన్ని బట్టి 65 నుంచి 100 శాతం దాకా ఇస్తారు. పేరు ఒకేలా ఉన్నంత మాత్రాన ఆ ఊరి నియమాలు ఈ ఊరికి అంటగట్టకూడదు.

"ఆదాయం తక్కువున్న ఇళ్లకే"

పూర్తిగా తప్పు. టెన్నెస్సీ ప్రామిస్‌కి ఆదాయ పరిమితి లేదు. చేరడానికి మార్కుల పరిమితి కూడా లేదు. పైన వేసిన లెక్క చూస్తే అసలు కథ తిరగబడిందని తెలుస్తుంది: ప్రామిస్ డబ్బు ఎక్కువగా చేరేది పెల్ రాని మధ్యతరగతి ఇళ్లకే. దీనిమీద వచ్చే విమర్శ న్యాయమైనదే. పుస్తకాలకూ ప్రయాణానికీ డబ్బు లేక చదువు మానేసే విద్యార్థికి ట్యూషన్ సున్నా అయినంత మాత్రాన సరిపోదు. ఈ లోటు కొంతైనా పూడ్చాలనే టీఎన్ అచీవ్స్ అర్హులైన తక్కువ ఆదాయ విద్యార్థులకు చిన్న గ్రాంట్లు, కోచ్‌లను ఏర్పాటు చేసింది. అయితే అవి వాటంతట అవి ఖాతాలో పడవు, కోచ్‌తో మాట్లాడుతూ ఉన్నవాళ్లకే అందుతాయి. ప్రామిస్ వాటా సున్నా అని తెలియగానే పేరు తీయించేసుకోవద్దనేది ఇందుకే.

"అప్లై చేస్తే చాలు"

ఎక్కువ మంది జారిపడే మెట్టు ఇదే. అప్లికేషన్ మొదటి అడుగు మాత్రమే. హైస్కూలు సీనియర్ సంవత్సరంలో, అంటే పన్నెండో తరగతిలో, నవంబరు 1లోగా రాష్ట్ర స్టూడెంట్ పోర్టల్లో అది పెట్టాలి. జూనియర్ ఇయర్లో (పదకొండో తరగతి) పెడితే లెక్కలోకి రాదు, నవంబరు 2న పెట్టినా రాదు. "మా వాడు యూనివర్సిటీకే వెళ్తాడు, మాకెందుకు" అనుకునేవాళ్లు కూడా ఆ తేదీలోగా పెట్టి ఉంచడమే తెలివైన పని. ఖర్చేమీ లేదు. ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఎంత సాయం ఇస్తుందో చెప్పే ఎయిడ్ లెటర్ చూశాక మనసు మారితే అప్పుడు ఈ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

తర్వాత ఫాఫ్సా. ఇది ఫెడరల్ ఆర్థిక సహాయపు ఫారం. ప్రతి ఏడాదీ నింపాలి, రెండో సంవత్సరానికి కూడా. రెండేళ్ల కిందటి పన్ను లెక్కలు దానికి ఆధారం: 2026–27 చదువుకు 2024 ఆదాయం. ఇందులో విద్యార్థి, తల్లిదండ్రి ఎవరి ఖాతాతో వారు విడివిడిగా లాగిన్ కావాలి. పన్ను వివరాలు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి తీసుకోవడానికి ఇద్దరూ సమ్మతి ఇచ్చి సంతకం చేయాలి. తల్లిదండ్రులిద్దరూ కలిపి ఒకే పన్ను రిటర్న్ వేసి ఉంటే వారిలో ఒకరు చేస్తే చాలు. విద్యార్థి తన భాగం ముగించి 'అయిపోయింది' అనుకుంటాడు, నాన్న భాగం అలాగే ఉండిపోతుంది, ఫారం అసంపూర్తిగా నెలల తరబడి పడి ఉంటుంది. సబ్మిట్ అయ్యాక కొందరిని 'వెరిఫికేషన్'కు ఎంచుతారు. అంటే కాలేజీ అదనపు కాగితాలు అడుగుతుంది. ఆ ఈమెయిల్ వచ్చేది కాలేజీ ఇచ్చిన విద్యార్థి ఐడీకి, పిల్లలు రోజూ చూసే జీమెయిల్‌కి కాదు. కాగితాలు ఇచ్చేదాకా ప్రామిస్ విడుదల కాదు.

దీనితోపాటు తప్పనిసరి మీటింగు ఉంటుంది. 8 గంటల సమాజసేవ ఉంటుంది. ఈ 8 గంటలు ఒక్కసారి చేసి వదిలేసేవి కావు, ప్రతి సెమిస్టర్‌కి ముందు మళ్లీ చేయాలి. జీతం వచ్చే పనీ, ఇంట్లోవాళ్లకు చేసే పనీ లెక్కలోకి రావు. చేసినంత మాత్రానా సరిపోదు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు అన్నది గడువులోగా ఆన్‌లైన్లో నమోదు చేయాలి. లైబ్రరీలో గానీ ఫుడ్ బ్యాంకులో గానీ రెండు శనివారాలు కూర్చుంటే అయిపోయే పని ఇది. అయినా గడువు ముందు రాత్రి గుర్తొచ్చి, చేయడానికి చోటు దొరక్క స్కాలర్‌షిప్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. గుడిలోనో తెలుగు సంఘంలోనో చేసే సేవ పనికొస్తుందా అన్న అనుమానముంటే, చేసేముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

చేరాక కూడా షరతులున్నాయి. హైస్కూలు అయిన వెంటనే వచ్చే ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే) సెమిస్టర్‌లో చేరాలి. సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి, 2.0 జీపీఏ నిలబెట్టుకోవాలి, మధ్యలో సెమిస్టర్ ఖాళీ వదలకూడదు. కమ్యూనిటీ కాలేజీలో గరిష్ఠంగా ఐదు సెమిస్టర్లు ఇస్తారు. ఇక్కడ లెక్క చాలా ఇరుకుగా ఉంటుంది. అసోసియేట్ డిగ్రీకి, అంటే రెండేళ్ల డిగ్రీకి, 60 క్రెడిట్లు కావాలి. 12 చొప్పున ఐదు సెమిస్టర్లంటే సరిగ్గా 60. ఒక్క 3 క్రెడిట్ల కోర్సు తప్పినా డిగ్రీ ఐదు సెమిస్టర్లలో తేలదు. సరిగ్గా 12 తీసుకుని అక్టోబరులో కష్టంగా ఉందని 3 క్రెడిట్ల కోర్సు ఒకటి వదిలేస్తే చేతిలో మిగిలేది 9. అనుమతి లేకుండా అలా తగ్గితే ప్రామిస్ పోతుంది. అందుకే 15తో మొదలుపెట్టడం మేలు. ఒకటి వదిలినా 12 నిలుస్తుంది, వదలకపోతే నాలుగు సెమిస్టర్లలోనే ముగుస్తుంది. అనారోగ్యమో ఇంట్లో విపత్తో వస్తే సెలవు కోసం దరఖాస్తు చేసే దారి ఉంది. చెప్పకుండా మానేసి తర్వాత వివరించబోతే ఆ దారి మూసుకుపోతుంది.

"హైస్కూలు పాసైన పిల్లలందరికీ"

మన ఇళ్లలో గొడవంతా ఇక్కడే. ఫాఫ్సాకు అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలవాళ్లే అర్హులు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలు కారు. ఫాఫ్సా లేనిదే ప్రామిస్ లేదు. మూడో తరగతి నుంచి అదే ఊరి బడిలో చదివినా, క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినా ఈ నియమం మారదు. ఇది ఆ పిల్లలకు జరిగే అన్యాయమని చెప్పడానికి మాకు సంకోచం లేదు. కానీ 'అందరికీ ఫ్రీ' అనే మెసేజ్ చూసి ప్లాన్ వేసుకుంటే సీనియర్ ఇయర్ చివర్లో దెబ్బ తగులుతుంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా అంతే సాధారణం. అమ్మానాన్నలు హెచ్-1బీ మీద ఉన్నారు కాబట్టి అమెరికాలో పుట్టిన అమ్మాయికి కూడా రాదనుకోవడం. చూసేది విద్యార్థి హోదానే, తల్లిదండ్రులది కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా ఫాఫ్సాకు సొంత ఖాతా తెరవవచ్చు. గుర్తింపు పరిశీలనకు రోజులు పట్టవచ్చు కాబట్టి ఆ ఖాతాను సెప్టెంబరులోనే తెరిచి పెట్టుకోవాలి. ఒకే ఇంట్లో అక్కకు రాకుండా తమ్ముడికి రావచ్చు.

ఎప్పుడో చదువు ఆపేసిన పెద్దవాళ్లకు వేరే పథకం ఉంది. దాని పేరు టెన్నెస్సీ రీకనెక్ట్, 2018 నుంచి నడుస్తోంది. నియమాలు వేరు, ప్రామిస్ గడువులు దానికి వర్తించవు.

"నేరుగా మూడో సంవత్సరం"

కుదురుతుంది, దారి ముందే ఎంచుకుంటే. రాష్ట్రంలో 'ట్రాన్స్‌ఫర్ పాత్‌వే'లని ఉన్నాయి. ఒక్కో మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) 60 క్రెడిట్ల కోర్సుల జాబితా రాసి పెట్టారు. ఆ జాబితా ప్రకారం డిగ్రీ పూర్తిచేస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆ కోర్సులన్నిటినీ ఒప్పుకుంటాయి. రెండో సెమిస్టర్‌లో మేజర్ మారితే జాబితా మారుతుంది, ఐదు సెమిస్టర్ల పరిమితి మాత్రం మారదు. ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లు లెక్కలు ఎక్కడ మొదలవుతాయో చూసుకోవాలి. ఏసీటీ మ్యాథ్స్‌లో 19 కంటే తక్కువొస్తే అదనపు సపోర్టు తరగతి తోడవుతుంది, కాలిక్యులస్ వెనక్కి జరుగుతుంది, దాని మీద ఆధారపడిన ఫిజిక్స్ కూడా జరుగుతుంది.

ఇంకొక మెలిక డిగ్రీ పేరులో ఉంది. అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ ట్రాన్స్‌ఫర్ కోసం కట్టినవి. అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ నేరుగా ఉద్యోగంలో చేరేందుకు కట్టింది. అందులోని కోర్సులు చాలావరకు విశ్వవిద్యాలయంలో లెక్కకు రావు. మూడింటికీ ప్రామిస్ ఒకేలా డబ్బు కడుతుంది కాబట్టి బిల్లు చూస్తే తేడా కనిపించదు. మొదటి రిజిస్ట్రేషన్ రోజున అడ్వైజర్ స్క్రీన్ మీద ప్రోగ్రామ్ పేరులో 'అప్లైడ్' అన్న మాట ఉందేమో చదివి, ట్రాన్స్‌ఫర్ కావాలనుకుంటే అక్కడికక్కడే మార్పించుకోవాలి.