అప్పు ఆమె పేరున, ఆస్తి ఆయన పేరున

ఐక్యరాజ్యసమితి 2005ను అంతర్జాతీయ సూక్ష్మరుణ సంవత్సరంగా ప్రకటించింది. పేద మహిళ చేతికి చిన్న అప్పు అందితే చాలు, ఇల్లూ ఊరూ బాగుపడతాయన్నది అప్పటి ధీమా. అది ఎక్కడ బెడిసికొట్టిందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వారం వారం కిస్తీలు, ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లకు టెన్షన్, ఒక సూక్ష్మరుణ కంపెనీ బాకీ తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. చివరికి ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీల కట్టడికి ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

డ్వాక్రా సంఘాల మేలును మేం తక్కువ చేయడం లేదు. ఒకప్పుడు బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్లు ఇవాళ మేనేజరును నిలదీస్తున్నారంటే అది వాటి చలవే. మా పేచీ విధానకర్తల లెక్కతో. మహిళ కిస్తీ ఎగ్గొట్టదు కాబట్టి ఆమెకే ఇద్దాం అన్నారు. స్త్రీ సమానత్వం తెలివైన ఆర్థిక విధానమని 2007లో ప్రపంచ బ్యాంకు కార్యాచరణ ప్రణాళికే వేసుకుంది. మరి లాభం కనిపించని చోట సమానత్వం అక్కర్లేదా?

2030 నాటికి సాధించాల్సిన ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది స్త్రీ పురుష సమానత్వం. అది అడిగేవి వేరు: భూమి మీద, వారసత్వం మీద సమాన హక్కు, జీతం లేని ఇంటిచాకిరీకి గుర్తింపు. ఆస్తి చట్టంలో మనమే ముందున్నాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇక్కడ 1985 నుంచే అమలైంది, కేంద్ర చట్టం 2005లో గానీ రాలేదు. అయినా పెళ్లికి ఖర్చు పెట్టాం కదా అంటూ చెల్లెలి చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకోవడం ఆగలేదు.

చాకిరీ సంగతి కేంద్రం సర్వేలే చెబుతున్నాయి. ఇంటిపని చేసే ఆడవాళ్లు 2024లో దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 88. 2019లో ఇవి 299, 97. ఆమెకు పది నిమిషాలు తగ్గితే ఆయనా తొమ్మిది తగ్గించుకున్నాడు!

ఏటా డ్వాక్రా సంఘాలకు బ్యాంకు లింకేజీ (బ్యాంకు రుణాల) లక్ష్యాలు ఘనంగా ప్రకటించే రెండు తెలుగు ప్రభుత్వాలు అదే కాగితం మీద మహిళల పేరున ఎన్ని ఎకరాలకు పట్టాదారు పాసుపుస్తకాలున్నాయో కూడా ఊరివారీగా ప్రకటించాలి. కూలికి వెళ్లిన తల్లి తిరిగొచ్చేదాకా అంగన్‌వాడీ తెరిచి ఉంచడానికి ఎంత డబ్బు కేటాయించారో కూడా.