థైమస్‌లో వైరస్ జాడ: మన దగ్గరా వెతకాలి

పొద్దున మనిషి బాగానే ఉంటుంది. సాయంత్రానికి ఒక కనురెప్ప వాలిపోతుంది. నాలుగు ముద్దలు తినేసరికి దవడ అలసిపోతుంది. నిద్ర చాలక అనుకుంటారు, కళ్లజోడు మారుస్తారు. చివరికి ఓ న్యూరాలజిస్టు ఐసు ముక్కను గుడ్డలో చుట్టి రెప్ప మీద 2 నిమిషాలు ఉంచి తీస్తే, రెప్ప లేస్తుంది. ఇది మయస్థీనియా గ్రావిస్ కావచ్చన్న అనుమానం అక్కడ మొదలవుతుంది. జబ్బు ఖాయమయ్యాక ఎవరైనా అడిగే మాట ఒక్కటే: "నాకే ఎందుకొచ్చింది?"

నరం పంపే సంకేతాన్ని కండరం అందుకునే చోటును మన యాంటీబాడీలే దెబ్బతీస్తాయని 1970ల్లోనే తేలింది. అవి ఎందుకు ఎదురు తిరిగాయన్నదే తేలలేదు.

రోగనిరోధక వ్యవస్థ నరాల మీదే తిరగబడే గిలియన్-బారీ జబ్బులో ఈ చిక్కు తక్కువ. విరేచనాలో జ్వరమో వచ్చిన కొద్ది వారాల్లోనే కాళ్లు చచ్చుబడతాయి కాబట్టి కారణం దొరుకుతుంది. 2013-14లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా వైరస్ వెనకాలే అది వచ్చింది. 2025 మొదట్లో పుణెలో వచ్చినప్పుడు క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా బయటపడింది.

మయస్థీనియా అలా తొందరపడదు. 2010లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు ఈ రోగుల థైమస్‌లో (ఛాతీ ఎముక వెనక ఉండే, రోగనిరోధక కణాలు ఎదిగే గ్రంథి) ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను చూశామన్నారు. తర్వాత వెతికిన కొందరికి అది కనబడలేదు. పైగా పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఉండే వైరస్ ఇది. అందరికీ ఉన్నదాన్ని కొందరి జబ్బుకు కారణం అనడం ఎలా?

ఈ అభ్యంతరం సబబే. కానీ అక్కడితో ఆగిపోవడం తప్పని నా అభిప్రాయం. మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలోనూ ఇదే మాట అన్నారు. 2022లో అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా రికార్డులు, దాచిన రక్త నమూనాలు పరిశీలిస్తే, ఈ వైరస్ సోకాక ఆ జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగిందని తేలింది. మయస్థీనియా అరుదైన జబ్బు, అంత పెద్ద లెక్క తీయడం కష్టం. అందుకే దొరికిన ప్రతి థైమస్ ముక్కా విలువైనదే.

ఇక్కడే మన పిల్లల సంగతి చూడాలి. సంపన్న దేశాల్లో చాలామందికి ఈ వైరస్ టీనేజీలో సోకుతుంది, మన దగ్గర ఎక్కువగా బడి ఈడుకు ముందే. సోకే వయసుకీ జబ్బుకీ సంబంధం ఉంటే, అది మన రోగుల్లోనే తేటగా కనబడాలి. మన ఆసుపత్రుల్లోనూ మయస్థీనియాకు చికిత్సగా థైమస్ తీసే ఆపరేషన్లు జరుగుతున్నాయి. తీసిన గ్రంథి పాథాలజీ రిపోర్టు వచ్చాక మైనపు దిమ్మగా బీరువాలో ఉండిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆ దిమ్మలను ఒకచోట చేర్చి వైరస్ పరీక్షలు చేయించాలి. ఇకపై ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలోనే, ఆ ముక్కను పరిశోధనకు వాడుకోవచ్చా అని రోగిని తెలుగులో అడగాలి.