సవరణ: తక్కువ మంది వాడే బ్రౌజర్ భద్రమన్న మాట తప్పు

క్రోమ్‌ను ఎక్కువమంది వాడతారు కాబట్టి దాడులూ దానిమీదే ఎక్కువని, ఎడ్జ్‌కో బ్రేవ్‌కో మారితే ఆ బెడద ఉండదని కిందటిసారి రాశాను. అది తప్పు. ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమియం (క్రోమ్‌కూ ఆధారమైన, ఎవరైనా చూడగల కోడ్) మీదే నడుస్తోంది. బ్రేవ్, ఒపేరా కూడా అంతే. క్రోమియంలో వెబ్‌పేజీల్లోని జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే భాగమైన వీ8లో లోపం బయటపడితే అన్నిటికీ ముప్పే. పైగా ఆ మరమ్మతు ముందు క్రోమియంలో జరిగి, తర్వాత మిగతావాటికి చేరాలి. ఆ మధ్య వ్యవధే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది: సరిచేసిన కోడ్ దాడి చేసేవాళ్లకూ కనిపిస్తుంది. నేను లెక్కలోకి తీసుకోవాల్సింది ఎంతమంది వాడుతున్నారన్నది కాదు, అప్‌డేట్ ఎంత త్వరగా వస్తుందన్నది.

ఫైర్‌ఫాక్స్‌లో ఒక సైటు మరో సైటు సమాచారాన్ని చేరకుండా ఒక్కోదాన్ని వేరే ప్రాసెస్‌లో (విడిగా నడిచే ప్రోగ్రాంలో) ఉంచే ఏర్పాటు లేదన్నదీ పొరపాటే. డెస్క్‌టాప్‌లో 2021 నుంచి ఉంది. నా మాట నమ్మి బ్రౌజర్ మార్చినవాళ్లు మన్నించండి.